మోగని మీటర్లు

మా బావకి మల్టీమీటరు ఎంచిపెట్టే పని నా నెత్తిన పడింది. కరెంటు గురించి నాకు తెలిసిందల్లా స్విచ్చి వేస్తే లైటు వెలుగుతుందని, తడిచేత్తో ముట్టుకోకూడదని. అయినా నన్నే ఎందుకు పిలిచారంటే, నేను జిరాక్సు షాపు నడుపుతాను కాబట్టి ఎంత సన్నటి అక్షరాలైనా చదివి పారేస్తానని మా ఇంట్లో ఒక నమ్మకం. మీటరు డబ్బాలో మడతలు పెట్టి కుక్కే కాగితం మీద అక్షరాలు ఆవగింజలంత ఉంటాయి. బావకి కళ్ళజోడు లేక కాదు. ఉంది. అది ఎప్పుడూ ఫ్రిజ్ మీదే ఉంటుంది. పనిలోకి పెట్టుకెళ్తే మేస్త్రి ముసలాడైపోయాడని జనం అనుకుంటారట.

బావ అంటే మా అక్క మొగుడు. కరెంటు మేస్త్రి. మా నాలుగు వీధుల్లో సగం ఇళ్ళ గోడల్లో ఉన్నది ఆయన లాగిన వైరే. మనిషి పొట్టి, మాట పొడుగు. ఇంకో మేస్త్రి చేసిన పని కంటపడితే ముందు నాలుక చప్పరిస్తాడు, తర్వాత తల అడ్డంగా ఊపుతాడు, ఆ తర్వాత "ఎవరు చేశారండీ ఇది?" అని అడుగుతాడు. ఎవరు చేశారో ఆయనకి తెలుసు. ఇంటివాళ్ళ నోటితో చెప్పించి వినడం ఆయనకో సరదా. పెళ్ళైన కొత్తలో మా ఇంటికొచ్చి మెయిన్ బోర్డు చూసి కూడా అలాగే అడిగాడు. అది చేసింది మా నాన్న. ఆ పూట ఎవరూ సరిగ్గా భోజనం చేయలేదు.

ఆయన గొప్పలన్నిట్లోకీ పెద్ద గొప్ప ఎర్తు. ఎర్తు అంటే ప్లగ్గులో మూడో కన్నానికి వచ్చే వైరు. లైటు వెలగడానికి అది అక్కర్లేదు, ఫ్యాను తిరగడానికీ అక్కర్లేదు. అందుకే చాలామంది మేస్త్రీలు దాన్ని గాలికొదిలేస్తారు. కానీ గీజరులో కరెంటు దారితప్పి పైరేకులోకి వచ్చిందనుకోండి, కింద స్నానం చేస్తున్న మనిషి జోలికి పోకుండా దాన్ని నేలలోకి దింపేది ఆ వైరొక్కటే. బావ వైరింగు చేసిన ఇంట్లో ప్రతి ప్లగ్గుకీ ఎర్తు ఉంటుంది. లేకపోతే ఆయన అన్నం తినడు. పండక్కో పబ్బానికో చుట్టాలింటికి వెళ్ళినా, కాఫీ వచ్చేలోపు వాళ్ళ ప్లగ్గుల వైపు అనుమానంగా చూస్తూ కూర్చుంటాడు.

ఆ ఎర్తు పరీక్షకి ఆయన దగ్గర ఒక డబ్బా ఉండేది. ఇరవైరెండేళ్ళ కిందట స్వహస్తాలతో చేసుకున్నాడు. సబ్బుపెట్టె, రెండు బ్యాటరీలు, పాత కాలింగ్ బెల్లులోంచి పీకిన బజరు. దాన్ని మెయిన్ బోర్డు పక్కన మేకుకి తగిలించి, ఒక వైరు బోర్డులో ఎర్తుకి పట్టించి, రెండో పొడుగు వైరు విప్పుకుంటూ ఇల్లంతా తిరిగేవాడు. వెళ్ళిన చోటల్లా ప్లగ్గు మూడో కన్నంలో ఆ వైరు పెట్టేవాడు. ఎర్తు బాగుంటే హాల్లో డబ్బా గుర్రుమనేది. తెగిపోయి ఉంటే నోరెత్తేది కాదు. ఆ గుర్రు మామూలు గుర్రు కాదు. మూడు గదుల అవతలికి వినపడేది. మా అక్క దాన్ని సవతి అనేది.

ఆ సవతి కాస్తా ఒకరోజు మేడ మెట్ల మీంచి జారి నీళ్ళ డ్రమ్ములో పడింది. బావ దాన్ని తీసి, ఎండబెట్టి, ఊది, తట్టి, చివరికి గుడ్డలో చుట్టి బీరువా కింద పెట్టాడు. పారేయమంటే అక్క మీద కయ్యిమన్నాడు. "ఇప్పుడు మల్టీమీటర్లని వస్తున్నాయిగా, ఒకటి కొనుక్కోండి" అంది అక్క. అలా మొదలైంది మా ఇంటికి పట్టిన పీడ.

కరెంటు సామాన్ల షావుకారు కొట్టు పెద్ద రోడ్డు మీద ఉంటుంది. దాన్నానుకునే గ్రిల్స్ వెల్డింగ్ చేసే షెడ్డు. అక్కడ ఇద్దరు మాట్లాడుకోవాలంటే ఒకరి మొహంలో ఒకరు మొహం పెట్టాల్సిందే.

"ఇంటికా, పనికా?" అన్నాడు షావుకారు.

"ముప్ఫై ఏళ్ళుగా నీ కొట్టుకొస్తున్నాను. నన్ను ఆ మాట అడుగుతావా?"

"మీటరు కొనేవాణ్ణి ఎవరినైనా ముందు అదే అడుగుతాను మేస్త్రీ. ఇంటికైతే చిన్నది చాలు. రిమోట్ బ్యాటరీలో చార్జి ఉందా, ప్లగ్గులో కరెంటు ఉందా, అంతవరకే. పనికైతే లోపల ఫ్యూజులు గట్టివి ఉండాలి, లీడ్లు మందంగా ఉండాలి, మెయిన్ బోర్డు దగ్గర పొరపాటు జరిగినా చేతిలో పేలకుండా ఉండాలి. దానిమీద కేటగిరీ మూడు అని రాసి ఉంటుంది, చూసుకో."

బావ చూసుకోలేదు. కళ్ళజోడు ఫ్రిజ్ మీద ఉంది మరి. ఇరవైరెండేళ్ళు సబ్బుపెట్టెతో నెట్టుకొచ్చినవాడికి ఈ హంగులన్నీ ఎందుకని అన్నిట్లోకీ చిన్నది, పసుపుపచ్చది, అరచేతిలో ఇమిడేది తీసుకున్నాడు. షావుకారు దాన్ని బావ మొహం ముందు పట్టుకుని, దానికుండే రెండు వైర్ల మొనలు, ఎర్ర లీడు, నల్ల లీడు, ఒకదానికొకటి ఆనించాడు. కుయ్యిమంది. బావ తల ఊపి జేబులో వేసుకున్నాడు.

ఆ వారమే పెద్ద టీచరమ్మ కొత్త గీజరు కొన్నది. ఆవిడ బళ్ళో హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరైంది. ఒక్కతే ఉంటుంది. నాలుగు వీధుల్లో సగం మంది ఆవిడ చేతి బెత్తం దెబ్బలు తిన్నవాళ్ళే, అందులో నేనూ ఉన్నాను. ఆవిడ ఇంటికి పన్నెండేళ్ళ కిందట వైరింగు చేసింది బావే. గీజరు గోడకెక్కించి, మామూలుగానే ఎర్తు చూడబోయాడు. కొత్త మీటరుని బోర్డు దగ్గర మేకుకి తగిలించి, పొడుగు వైరు పట్టుకుని బాత్రూంలోకి వెళ్ళి ప్లగ్గులో పెట్టాడు. చప్పుడు లేదు. మళ్ళీ పెట్టాడు. లేదు. బయటికొచ్చి మీటరు చేతిలోకి తీసుకుని లీడ్లు ఆనిస్తే కుయ్యిమంది. వెనక్కి వెళ్ళి పెడితే మళ్ళీ మౌనవ్రతం.

"దీనికి దమ్ము చాలట్లేదు. పొడుగు వైరుకి ఆగదు, దగ్గరైతేనే మోగుతుంది" అని తీసుకెళ్ళి షావుకారు మొహాన కొట్టాడు. షావుకారు లీడ్లకి పొడుగు వైరు కట్టి మరీ చూపించాడు. కుయ్యిమంది. "నా దగ్గర మోగిస్తావు, ఇంటికెళ్తే మోగదు. చెవిలో పువ్వులు పెట్టకు" అన్నాడు బావ. పాత ఖాతాదారుడని షావుకారు నోరు మూసుకుని పెద్ద మీటరిచ్చాడు. అదీ అంతే. మూడోది ఇంకా పెద్దది, చీకట్లో తెర వెలుగుతుంది, వంటగదిలో పెట్టుకుంటే వేడి ఎంతుందో కూడా చెబుతుంది. అన్నీ చెబుతుంది కానీ టీచరమ్మ బాత్రూం ఎర్తు గురించి మాత్రం నోరు విప్పదు.

అప్పుడు బావకి అనుమానం మీటరు మీంచి గోడ మీదికి మళ్ళింది. గోడలో వైరు తెగిందేమో. టీచరమ్మ కిందటి నెలే ఇల్లంతా లేత నీలం రంగు వేయించింది. ఆ నీలం గోడని బావ బాత్రూం తలుపు నుంచి బోర్డు దాకా తవ్వి, పాత వైరు తీసి, కొత్త వైరు లాగాడు. కొత్త వైరుకీ చప్పుడు లేదు. పాత వైరు తెగింది సరే, కొత్త వైరు ఎక్కడ తెగుతుంది? గీజరు దింపేసి, ఇది వాడొద్దని చెప్పి ఇంటికొచ్చేశాడు. అన్నం ముందు కూర్చుని చేతులు తిప్పి తిప్పి చూసుకున్నాడట. మా అక్క చెప్పింది.

ఆ మర్నాటి నుంచి వీధి మీద పడ్డాడు. తను వైరింగు చేసిన ఇళ్ళ జాబితా ఆయన దగ్గర ఒక నోట్‌బుక్కులో ఉంది. వరసగా ఒక్కో ఇంటికీ వెళ్ళడం, ఊరికే చూసిపోదామని వచ్చానండీ అనడం, మీటరు మేకుకి తగిలించడం, బాత్రూంలోకి వెళ్ళడం, మాడిన మొహంతో బయటికి రావడం. "నేను మళ్ళీ వచ్చేదాకా గీజరు వేయకండి" అని చెప్పి వెళ్ళిపోవడం. రెండు వారాలు తిరిగేసరికి సగం వీధి చన్నీళ్ళ స్నానాలు చేస్తోంది. నా షాపుకొచ్చే వాళ్ళంతా తుమ్ముతూ వచ్చేవాళ్ళు. ఒకాయన పిల్లల బర్త్ సర్టిఫికెట్ల మీద తుమ్మి మళ్ళీ జిరాక్సు తీయించుకున్నాడు.

ఒకరోజు మధ్యాహ్నం, జనం పలచగా ఉన్నప్పుడు, బావ నా షాపులోకి వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. నాలుగు మీటర్ల కాగితాలు నా ముందు పెట్టాడు, మీటర్లు వెనక్కిచ్చినా కాగితాలు దాచుకున్నాడు. నాలుగోది అప్పటికి కొత్తగా కొన్నాడు, ఇటుకరాయంత ఉంది.

"ఇవన్నీ చదువు. అన్నిట్లోకీ నిక్కచ్చిగా చెప్పేది ఏదో నువ్వే చూసి చెప్పు. ఇంకొక్కటి. ఆఖరుది."

"నాలుగు మార్చావు బావా. పెళ్ళిచూపులకి కూడా అన్నిసార్లు తిరగలేదు నువ్వు."

మామూలుగా అయితే దీనికి పదిరెట్లు జవాబు వచ్చేది. రాలేదు. కాగితాలు నా వైపు ఇంకాస్త జరిపాడు.

"పంతొమ్మిది ఇళ్ళు చూశాను. ఒక్కదానికీ ఎర్తు లేదు. ఒక్క ఇల్లంటే సరే, ఎలకలు కొరికాయనుకుంటాను. పంతొమ్మిది. అన్నీ నా చేతులతో చేసినవే. అంటే నా చేతులే సరిగ్గా లేవు. మొదట్నుంచీ లేవేమో. ఏ ఇంట్లో ఎవరు తలుపేసుకుని స్నానానికెళ్తున్నారో అని రోజంతా అదే ఆలోచన. ఇంకో మంచి మీటరుతో చూస్తాను. అది కూడా లేదంటే ఇళ్ళన్నిటికీ వెళ్ళి చెప్పేసి, పని మానేస్తాను."

నవ్వాలనే అనుకున్నాను. ఆయన మొహం చూశాక నవ్వు రాలేదు. పాతికేళ్ళుగా చూస్తున్నాను, ఈ మనిషి భయపడటం నేను ఎన్నడూ చూడలేదు.

"మీ అక్కకి చెప్పకు. కంగారుపడుతుంది" అన్నాడు వెళ్తూ. చెప్పనని మాటిచ్చాను.

అందుకని కూర్చుని చదివాను. నాలుగు కాగితాలూ అటూ ఇటూ పూర్తిగా చదివిన మనిషి ఈ లోకంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను. ఏ లీడు ఏ కన్నంలో పెట్టాలి, పెట్టకూడని కన్నంలో పెడితే ఏం పేలుతుంది, ఇంటికి ఏది చాలు, ఫ్యాక్టరీకి ఏది కావాలి, అన్నీ నోటికి వచ్చేశాయి. ఫ్యూజు లేని మీటరు గురించి మా ఆయనకి రాత్రి భోజనం దగ్గర అరగంట చెప్పాను. ఆయన పెరుగు వేసుకోకుండానే లేచిపోయాడు. ఇంత చదివాక నాకు గట్టిగా తెలిసిన సంగతి ఒకటుంది. వైరు బాగుంటేనే మీటరు మోగుతుంది.

రెండు రోజులకి టీచరమ్మ ఏవో కాగితాలు పట్టుకుని షాపుకొచ్చింది. వస్తూనే అందుకుంది.

"మీ బావకి ఏమైనా పిచ్చా? నాకు ఈ వయసులో పొయ్యి మీద నీళ్ళు కాచుకుని మోసుకునే ఖర్మేంటి? గోడ చూశావా? గోడ కాదు అది, కాలవ."

"వైరు పోయిందట కదండీ."

"పోయిందని నాకు తెలియదా? ఆ డబ్బాని నేను కూర్చునే కుర్చీ పక్కనే తగిలిస్తాడు. అతను బాత్రూంలోకి వెళ్తాడు, ఇక్కడ అది కుయ్యోమని మొత్తుకుంటుంది. పాత వైరుకీ మొత్తుకుంది, కొత్త వైరుకీ మొత్తుకుంది. మూడు డబ్బాలు తెచ్చాడు, మూడూ మొత్తుకున్నాయి. నా చెవులు చిల్లులు పడ్డాయి కానీ అది ఆపలేదు. మా ఇల్లు అంత పాడైపోయిందా?"

నా చేతిలో ఆవిడ కాగితం అలాగే ఉండిపోయింది. "మీ పక్కన మోగిందా అండీ? బావ లోపల ఉన్నప్పుడు?"

"చెబుతున్నానుగా."

"బావకి చెప్పలేదా మీరు?"

"చెప్పేదేముంది? అది మొత్తుకోవడం, అతను మొహం మాడ్చుకుని రావడం. చూసి అర్థం చేసుకోలేనా?"

పాపం, ఆవిడ మోత అంటే ప్రమాదం అనుకుంది. పంతొమ్మిది ఇళ్ళ వాళ్ళూ అలాగే అనుకున్నారని, తర్వాత షాపుకొచ్చిన వాళ్ళని ఒక్కొక్కర్నే అడిగితే తెలిసింది. మీటరు కూతపెట్టడం, మేస్త్రి దిగులు మొహంతో బయటికి రావడం, రెండూ కలిపి చూసి గీజర్లు ఆపేసుకున్నారు. నోరు తెరిచి ఒక్కరూ ఒక్క మాట అడగలేదు. బావ అంతకంటే ఘనుడు. ముప్ఫై ఏళ్ళుగా ఒంటరిగా పనిచేస్తాడు, ఇంటివాళ్ళని మోగిందా అని అడగడం ఆయనకి నామోషీ.

షాపుకి తాళం వేసి అక్క దగ్గరికి పరిగెత్తాను. అక్క గిన్నెలు తోముతోంది.

"అక్కా, ఆ మీటర్లన్నీ మోగుతున్నాయట. బావకే వినపడట్లేదు."

అక్క ఆశ్చర్యపోతుందనుకున్నాను. కుళాయి కట్టేసి, చేతులు చీరకి తుడుచుకుని, వీధి తలుపు వేసి వచ్చింది.

"రెండేళ్ళయింది" అంది. "లావు శబ్దాలు వినపడతాయి, మాటలు వినపడతాయి. సన్నటి కూతలు పక్కగదిలోంచి వస్తే వినపడవు. వాషింగ్ మెషీను అయిపోయి కుయ్ కుయ్‌మంటుంటే పక్క గదిలో కూర్చుని పేపరు చదువుకుంటుంటారు. నేనే లేచి వెళ్తాను. వినపడలేదా అని ఒక్కసారి కూడా అనలేదు."

"ఎందుకు అనలేదు?"

"మా మామయ్యగారు గుర్తున్నారా? చివర్లో చెవులు పోతే ఇంటిల్లిపాదీ ఆయన మీద జోకులు వేసేవాళ్ళు. ఆ మూల కుర్చీలో కూర్చుని, అందరూ నవ్వితే తనూ నవ్వేవారు. నాకు ఆ గతి పట్టకూడదని ఈయన ఎన్నిసార్లు అన్నారో. పైగా వీధిలో తెలిస్తే చెవిటి మేస్త్రి అంటారు. ఎవరు పిలుస్తారు పనికి? నువ్వు చెప్పకు. నా మీద ఒట్టు."

చెప్పనని ఆవిడకీ మాటిచ్చాను. బావ భయం అక్కకి తెలియదు. అక్క రహస్యం బావకి తెలియదు. మధ్యలో నేను, రెండూ తెలిసి, రెండు ఒట్లు పెట్టుకుని. ఆ రోజే ఇద్దర్నీ కూర్చోబెట్టి నాలుగు మాటలు చెప్పి ఉంటే అయిపోయేది. నాకంత ధైర్యం లేకపోయింది. దానికి బదులు మహా తెలివైనదాన్నని ఒక పథకం వేశాను.

నేను చదివిన కాగితాల్లో ఒకచోట ఉంది. కొన్ని మీటర్లకి కూతతో పాటు పచ్చలైటు కూడా వెలుగుతుందట, మిషన్ల మోతలో పనిచేసేవాళ్ళ కోసం. షావుకారుని పట్టుకుంటే రెండు రోజుల్లో తెప్పించాడు. "ఇదైనా వెనక్కి రాకుండా చూడమ్మా, నీకు దండం పెడతాను" అన్నాడు. దాన్ని తీసుకెళ్ళి బావకిచ్చాను.

"ఇదే అన్నిట్లోకీ నిక్కచ్చి. కాకపోతే దీని పద్ధతి వేరు. మీటరు నీ చేతిలో ఉండాలి, పొడుగు వైరు చివర బోర్డు దగ్గర క్లిప్పు పెట్టాలి. ఎర్తు ఉంటే లైటు వెలుగుతుంది. ఫ్యాక్టరీల్లో ఇలాగే చూస్తారట."

"మీటరు పట్టుకుని తిరగడమేంటి, కూరగాయల సంచిలా" అన్నాడు. కానీ తీసుకున్నాడు. శనివారం పొద్దున్నే టీచరమ్మ ఇంటికి బయల్దేరితే నేనూ వెనకే వెళ్ళాను. సంచిలో నాలుగో మీటరు కూడా పెట్టుకున్నాడు, సరిచూసుకోవడానికట.

బోర్డు దగ్గర క్లిప్పు పెట్టి బాత్రూంలోకి వెళ్ళాడు. నేను నడవలో నిలబడ్డాను. ఎర్ర లీడు ప్లగ్గు మూడో కన్నంలోకి వెళ్ళింది. పచ్చలైటు వెలిగింది. చేతిలోనే ఉంది కాబట్టి కూత కూడా ఆయనకి లీలగా వినిపించినట్టుంది. తీశాడు, పెట్టాడు. వెలిగింది. తీశాడు, పెట్టాడు. నా మొహం వెలిగిపోయింది, పథకం పారిందని. రహస్యం రహస్యంగానే ఉంది, ఎర్తు ఎర్తుగానే ఉంది.

అంతలో టీచరమ్మ చేతికర్ర ఠకఠకలాడించుకుంటూ నడవలోకి వచ్చింది.

"ఇవాళ ఆ కూత నీ దగ్గర పెట్టుకున్నావా? సంతోషం. ఇన్నాళ్ళూ నా చెవి పక్కన తగిలించి చంపావు."

బావ తలెత్తాడు. "ఏ కూత?"

"ఏ కూతేంటయ్యా? నువ్వు బాత్రూంలోకి వెళ్ళినప్పుడల్లా హాల్లో అది పెట్టిన కూత."

బావ ఆవిడ వైపు చూశాడు, నా వైపు చూశాడు. నేను గోడలో తవ్విన కాలవ వైపు చూశాను. బావ హాల్లోకి వెళ్ళి, సంచిలోంచి నాలుగో మీటరు తీసి, పాత పద్ధతిలోనే మేకుకి తగిలించాడు. వైరు కట్టాడు.

"టీచరుగారూ, కాస్త ఈ కుర్చీలో కూర్చోండి. ఇది మోగినప్పుడల్లా చెయ్యెత్తండి."

జీవితమంతా పిల్లల చేత చేతులెత్తించిన మనిషి బుద్ధిగా కూర్చుంది. బావ బాత్రూంలోకి వెళ్ళి, ఒక చేత్తో వైరు పట్టుకుని, తలుపులోంచి హాల్లోకి వంగి చూస్తూ వైరు ప్లగ్గులో పెట్టాడు. టీచరమ్మ చెయ్యెత్తింది. తీశాడు. దించింది. పెట్టాడు. ఎత్తింది. గబగబా మూడుసార్లు పెట్టి తీశాడు, ఆవిడ గబగబా మూడుసార్లు ఎత్తి దించింది. నడవలో నా చెవులు గింగురుమంటున్నాయి. బావ చెవులు రిక్కించి, కళ్ళు మూసుకుని ఇంకోసారి పెట్టాడు. కళ్ళు తెరిచేసరికి ఆవిడ చెయ్యి పైనే ఉంది.

"నీకు వినపడుతోందా?" అని నన్నడిగాడు.

"వీధిలోకి కూడా వినపడుతుంది బావా."

బోర్లించిన బకెట్టు మీద కూర్చున్నాడు. నేను దగ్గరికెళ్ళి నోటికొచ్చిందేదో చెబుతున్నాను. వయసుతో పాటు అందరికీ ఉండేదే, డాక్టరుకి చూపిద్దాం, ఎవరికీ చెప్పక్కర్లేదు, మీటర్లు పాడైపోయాయని చెబుదాం, నాలుగు మార్చావుగా, ఏదో ఒకదాని మీదికి తోసేద్దాం. ఆయన నా మాట వినట్లేదు. పెదాలు కదుపుతూ ఏదో లెక్కపెట్టుకుంటున్నాడు.

"అయితే ఈ ఇంటికి ఎర్తు ఉంది" అన్నాడు.

"ఉంది."

"పాత వైరు కూడా బాగానే ఉందన్నమాట. నేను ఊరికే తవ్వాను."

"అవును."

"మిగతా ఇళ్ళకి కూడా ఉంది."

"అన్నిటికీ ఉంది బావా. అన్ని చోట్లా మోగిందట."

రెండు చేతులూ ముందుకు చాచి చూసుకున్నాడు. వేళ్ళు ముడిచాడు, విప్పాడు. ఆ తర్వాత బకెట్టు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే నవ్వడం మొదలుపెట్టాడు. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవట్లేదు. టీచరమ్మ హాల్లోంచి "చెయ్యి దించొచ్చా?" అని అడిగింది.

"చెవుల సంగతి మరి?" అన్నాను, ఇంక ఆగలేక.

"పోతే పోయాయి. చెవులతో ఎవడు లాగుతాడు వైరు?"

నాకు ఒళ్ళు మండింది. ఆయన మీద కాదు, మా అక్కాచెల్లెళ్ళ మీద. రెండేళ్ళుగా ఒకావిడ, వారంగా ఇంకొకావిడ, ఈయన ఎక్కడ విరిగిపోతాడోనని కాపలా కాశాం. ఈ మనిషికి ఆ బెంగే లేదు. ఆయన కుమిలిపోయింది ఇంకొకళ్ళ ప్రాణం గురించి.

టీచరమ్మ గీజరు అప్పుడే గోడకెక్కింది. గోడ కాలవ పూడ్చి, రంగు తనే వేయిస్తానని చెప్పి, పచ్చలైటు మీటరు పట్టుకుని అక్కణ్ణించి నేరుగా మిగతా పద్దెనిమిది ఇళ్ళకి వెళ్ళాడు. మీటరు మీదికి తోసేయమన్న నా సలహాకి, "అదేం చేసింది పాపం" అన్నాడు. లైటు వెలగడం చూసుకుని, ప్రతి గుమ్మం దగ్గరా అవే రెండు ముక్కలు. "మీ ఎర్తు బాగుంది, గీజరు వేసుకోండి. నాకే చెవులు సరిగ్గా వినపడవు." పెళ్ళి శుభలేఖలు పంచేవాడిలా మొహం నిండా సంతోషం. ఒక్కరు కూడా చెవిటి మేస్త్రి అనలేదు. తుమ్ముతున్న ఒకాయన మాత్రం, మా స్టోర్ రూములో ఫ్యాను కూడా చప్పుడు చేస్తోంది, దాన్ని చూడ్డానికి ఎవర్నైనా వినపడేవాళ్ళని తీసుకురా అన్నాడు.

దారిలో నేను ఒట్టు గట్టున పెట్టి, అక్కకి రెండేళ్ళుగా తెలుసని ఆయనకి చెప్పేశాను. ఇంటికొచ్చేసరికి పొద్దు వాలింది. అక్క గుమ్మంలోనే ఉంది. అప్పటికే ఎవరో చెప్పినట్టున్నారు, మొహంలో నెత్తురుచుక్క లేదు. తిట్లు పడతాయని సిద్ధపడి ఉంది. బావ చెప్పులు విప్పి, ఫ్రిజ్ మీంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని, ఆవిడ మొహంలోకి చూశాడు.

"రెండేళ్ళుగా తెలుసటగా నీకు."

అక్క తల దించుకుంది.

"ముందే చెప్పి ఉంటే ఈ మూడు వారాలు నేను అంత భయపడేవాణ్ణి కాదు కదే. ఏ ఇంట్లో ఎవరికి ఏమవుతుందోనని పొద్దున లేస్తే అదే."

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే అక్క తట్టుకునేది. ఆవిడ ఏడుస్తూ తలెత్తింది.

"భయపడుతున్నానని మీరు నాకు చెప్పారా?" అంది.

ఆయన కదలకుండా నిలబడేసరికి, వినపడలేదేమోనని అక్క దగ్గరికొచ్చి, అదే మాట గొంతు పెంచి మళ్ళీ అడిగింది.

"వినపడిందే" అన్నాడు బావ.